బందరు రేవున దిగిన రొట్టె

పామర్రునుండి చల్లపల్లికి పోవు బాటలో కూచిపూడి కలదు. ఆ ఊరి పేరు చెవిని పడగానే మన శ్రోతలకు గజ్జెల సవ్వడియు, భామాకలాపమును స్ఫురించును గాని తిండి స్ఫురింపదు. అయినను ఈ ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము తిండియే. కూచిపూడి పరిసరములందును, అటు బందరులోను, ఇటు విజయవాడలోను నేడు బేకరీ లేని కూడలి అరుదు. దుకాణము ముందు గాజు బీరువా; అందులో బ్రెడ్డు, బన్ను, రస్కు, ఖారా బిస్కట్టు, దిల్ పసందు, ఎగ్ పఫ్, క్రీము రోలు, ఆపై వరుసలో పుట్టినరోజు కేకులు. ఒక అరలో పోర్చుగీసు వాసన, ఒక అరలో పారసీక వాసన, వేరొక అరలో ఇంగ్లీషు వాసన. ఇన్ని దేశముల వంటలు ఒక్క బీరువాలో ఎట్లు చేరినవి? అంతకంటె వింతయైన ప్రశ్న మరొకటి కలదు. ఐరోపావారు బందరు రేవున దిగి 400 ఏండ్లు దాటినది. బందరునకు కూచిపూడికి నడుమ దూరము సుమారు పది క్రోసులు. ఆ పది క్రోసులు నడచుటకు రొట్టెకు 300 ఏండ్లకు పైగా ఏల పట్టినది?

రొట్టె యనునది మనకు తెలియనిది కాదని ముందే చెప్పవలెను. మినపరొట్టె, జొన్నరొట్టె, దిబ్బరొట్టె అను మాటలు పుట్టుకతో వచ్చిన తెలుగువారికి రొట్టె యన నేమో ఎవరును నేర్పనక్కరలేదు. దిబ్బరొట్టె చేయు విధానము ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మినపప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, పిండిని నాననిచ్చి, దళసరి మూకుడులో నూనె వేసి, ఆ పిండిని మందముగా పోసి, మూత పెట్టి, మూతపైన కూడ నిప్పులు పోయుదురు. క్రింద నిప్పు, పైన నిప్పు, నడుమ పిండి. బేకరీ పొయ్యి చేయు పని ఇదియే కదా! పిండిని పులియబెట్టుటయు మనకు కొత్త కాదు; ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగుట చూడని ఇల్లాలు లేదు. కాబట్టి నేర్పు కొరవడి రొట్టె ఆగినదని చెప్పుటకు వీలులేదు. ఆగుటకు వేరు కారణములున్నవి. వాటిని వెదకుటకు బందరు పోవలెను.

నేటికిని బందరులో వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేటలు కలవు. వలందులనగా డచ్చివారు, హాలెండు దేశస్థులు, పరాసులనగా ఫ్రెంచివారు. పోర్చుగీసువారిని మన పెద్దలు బుడతకీచులనిరి. డచ్చి వర్తకులు 1605-06 ప్రాంతమున బందరులో కోఠీ పెట్టిరి. 1611లో ‘గ్లోబు’ అను ఓడపై ఆంగ్లేయులు వచ్చిరి. 1669లో పరాసులు గోలకొండ ప్రభువునొద్ద ఫర్మానా పొందిరి. ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే 17వ శతాబ్దిలో ఈ ఊరు చూచి, ఇండ్లన్నియు కొయ్యతో కట్టినవని పెదవి విరిచెను గాని, బంగాళాఖాతములో ఇంత మంచి లంగరు స్థానము లేదని ఒప్పుకొనెను. పెగూ, సయాము, సుమత్రా, మక్కా, ఓర్ముజు, ఇన్ని దిక్కులకును ఇచ్చటినుండి ఓడలు పోయెడివి. కలంకారీ వస్త్రములు ఎక్కించుకొని ఓడ కదలవలెనన్న నావికులకు నెలల తరబడి చెడని తిండి కావలెను. ఆ తిండి బిస్కట్టు.

ఈ బిస్కట్టు నేటి బిస్కట్టు వంటిది కాదు. పిండి, నీరు, ఉప్పు తప్ప అందులో మరేమియు లేదు. ఒకసారి కాల్చి, తడి పూర్తిగా ఇంకిపోవుటకు మరల కాల్చెడివారు. లాటిను భాషలో ‘బిస్ కోక్తుస్’ అనగా రెండుమారులు కాల్చినది; ఆ మాటయే అరిగి అరిగి బిస్కట్టైనది. పంటికి లొంగని ఆ పలకను నావికులు నీటిలోనో మద్యములోనో నానబెట్టుకొని తినెడివారు. మన గాజు బీరువాలోని రస్కు ఈ వంశములోనిదే. మెలికకు స్పానిషు, పోర్చుగీసు భాషలలో ‘రోస్కా’ అని పేరు. ఇంగ్లీషువారు దానిని రస్కు చేసిరి. నేడు పసిపిల్లలకు పాలలో నానబెట్టి పెట్టు రస్కునకును, తుపానులో ఊగిసలాడు ఓడలో నావికుడు కొరికిన పలకకును చుట్టరికము కలదు.

ఇచ్చట ఒక చిన్న మాట. బుడతకీచుల భాషనుండి మనము బొత్తాము తీసికొంటిమి, తువాలు తీసికొంటిమి, పీపా, అల్మారు తీసికొంటిమి. రొట్టెను వారు ‘పావ్‌’ అనెడివారు. గోవాలో, బొంబాయిలో ఆ మాట పావుగా నిలిచినది. తెలుగుదేశపు తీరమున నిలువలేదు. బొత్తాము వచ్చిన దారిని రొట్టె రాలేదన్నమాట. చొక్కాకు బొత్తాము కుట్టుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. నోటిలోనికి పోవు వస్తువు సంగతి వేరు.

మొదటి అడ్డంకి గోధుమ. డెల్టా నేల వరికి పుట్టినది. తెల్ల గోధుమపిండి బయటినుండి రావలెను. వచ్చినంత గోధుమ కూడ పొయ్యిలోనికి పోక బాణలిలోనికి పోయినది. బుందేల్‌ఖండు ప్రాంతమునుండి వచ్చిన బొందిలీలు బందరునకు మిఠాయి విద్య తెచ్చిరని చెప్పుదురు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, బెల్లము, నెయ్యి పోసి గంటలకొలది కలియబెట్టు బందరు నల్లహల్వా ఆ పరంపరలోనిది. గోధుమ హల్వాయై వచ్చినప్పుడు బందరువారు కాదనలేదు. నేతిలో మగ్గిన వస్తువునకు మన ఇండ్లలో అంటు తక్కువ. అదే గోధుమ నీటితో తడిసి, పులిసి, పరుల పొయ్యిలో కాలి వచ్చినప్పుడు గుమ్మము దాటలేదు.

రెండవ అడ్డంకి కల్లు. రొట్టె పొంగవలెనన్న పులిసిన వస్తువేదో కలుపవలెను. ఐరోపాలో బీరు నురుగు వాడిరి. బీరు లేని మన దేశములో ఐరోపావారి వంటవాండ్రు తాటికల్లు, ఈతకల్లు, కొబ్బరికల్లు కలిపిరి. తెల్లవారుజామున దింపిన కల్లులో పులియజేయు సూక్ష్మజీవులు సహజముగనే యుండును. పిండిలో పోసి పిసికి మూతపెట్టిన కొన్ని గంటలకు ముద్ద పొంగును. తాటిచెట్లకు కొదువలేని కృష్ణాతీరమున ఇంతకంటె సులువైన సాధనము మరొకటి యుండదు. కాని అదియే రొట్టె మీద నిందయైనది. కల్లు కలిసిన పిండి, ఎవరు పిసికిరో తెలియని పిండి, గ్రుడ్డు సొన పూసిన పైపొర: అగ్రహారపు ఇల్లాలికి ఈ మూడింటిలో ఒక్కటి చాలును. కల్లు రుచి దొరలకు కూడ అంతగా గిట్టలేదు. కర్నలు కెన్నీ-హెర్బర్టు అను సైనికాధికారి 1878లో మదరాసు దొరసానులకొరకు వ్రాసిన వంటల పుస్తకములో, బేకింగు పౌడరు వాడి ఇంటనే రొట్టె కాల్చుకొనుడని వారిని ప్రోత్సహించెను.

మన తీరమున జరుగనిది పశ్చిమతీరమున జరిగినది. సూరతులోని డచ్చివారి బేకరీలో పారసీకులు పనిచేసిరనియు, డచ్చివారు తరలిపోవునప్పుడు ఆ పొయ్యిలు వారి చేతికి వచ్చెననియు, ఊరివారు రొట్టెను కొనకపోగా మిగిలి ఎండిన రొట్టె కరకరలాడుట చూచి పొడి బిస్కట్టులను చేయసాగిరనియు సూరతులో చెప్పుకొందురు. నేటి నాన్‌ఖటాయి ఖ్యాతికి సూరతు ముఖ్యస్థానము. ‘నాన్’ అనగా పారసీకమున రొట్టె. బందరులో మాత్రము వలందులు పోయిన తరువాత పొయ్యి రాజేయు చేయి మిగిలినట్లు కనబడదు. వలందుల సమాధులున్నవి, వాటిపై చెక్కిన శిల్పము నేటికిని చూడవచ్చును. 1759లో ఫోర్డు సేన పరాసులనుండి బందరు కోటను పట్టుకొనెను. 1825 నాటికి డచ్చివారి స్థావరములు ఆంగ్లేయులకు పూర్తిగా దక్కెను. అప్పటికే మదరాసు పెరిగి, బందరు తరిగినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను, ఉప్పెన కలిసి వచ్చి ఆ ఊరిలోను పరిసరములలోను సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొనెను. అటు తరువాత ఆ రేవు మునుపటి రేవు కాలేదు.

ఇంతలో డెల్టా తన దారిని తాను పోయెను. 1855లో బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియయ్యెను. కాలువలు పారినంతమేర వరి పండెను. అన్నము సమృద్ధియైన చోట రొట్టెకు ఆకలి యుండదు. ఈ సంగతిని గుర్తించినవారిలో బైబిలు అనువాదకులొకరు. ప్రభువు ప్రార్థనలో ఇంగ్లీషున ‘రొట్టె’ యున్నచోట తెలుగున ‘ఆహారము’ అను అర్థమిచ్చు మాట వేసిరి. నిత్యము రొట్టె కావలెనని ప్రార్థించు తెలుగువాడు ఉండడని వారికి తెలిసినది! 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు బందరు చేరిరి; 1843లో నోబులు పాఠశాల వెలసెను. క్రిస్మసు నాటి కేకు, ఆరాధనలోని రొట్టె క్రైస్తవ కుటుంబములకు క్రమముగా పరిచితమైనవి. అందువలననే కాబోలు, మిగిలినవారి దృష్టిలో బ్రెడ్డు తినుట మతము మారుటకు గుర్తుగా చాలకాలము నిలిచినది.

ఈ శంక మన ఒక్క ప్రాంతమునకు పరిమితము కాదు. వంగదేశమున రాజనారాయణ బసు 1846లో బ్రహ్మసమాజములో చేరిన నాడు కులము పట్టింపు వదలితిమని చాటుటకు బిస్కట్టు, మద్యము తెప్పించి పుచ్చుకొనిరని తానే వ్రాసికొనెను. బిస్కట్టు తినుట ఒక విప్లవముగా నుండెను! అర్ధశతాబ్ది గడచునప్పటికి విప్లవము వ్యాపారమైనది. 1898లో ఢిల్లీలో ‘హిందూ బిస్కట్టు కంపెనీ’ వెలసెను. అగ్రవర్ణపు చేతులే తాకిన బిస్కట్టు అనునదే దాని ప్రకటనల సారము. అదే 1898లో బెంగుళూరు చిక్కపేటలో హాసను ప్రాంతపు అయ్యంగారు తిరుమలాచారి బి.బి. బేకరీ తెరచెను. ఒక ఆంగ్లేయునియొద్ద ఆయన ఈ విద్య నేర్చెనందురు. దానికి ముందే, 1883లో, కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అను ఆయన ఒక దొర తెచ్చిన కేకు రుచి చూచి, దానివంటి క్రిస్మసు కేకు కాల్చియిచ్చెనని ప్రసిద్ధి. ఈ మూడు పట్టణములలో జరిగినదంతయు చివరకు కృష్ణాజిల్లాకు వచ్చి చేరినది. నేడు మన పట్టణములలో ‘బెంగుళూరు అయ్యంగార్ బేకరీ’ అను బోర్డు ఎన్ని చోట్ల కనబడునో శ్రోతలెరుగుదురు.

ఆ బోర్డును మేము చాలసేపు నిలబడి చూచినాము. అందులో అయ్యంగార్ అను మాట వంటకము పేరు కాదు, హామీపత్రము. ‘ఇందులో గ్రుడ్డు లేదు, కల్లు లేదు, చేయి మంచిది’ అని ఒక్క మాటలో చెప్పుట. వ్యాపారమునకు ఇది తెలివియే. కాని పిండి పిసికిన చేతికి కులమడిగిన కాలము ఇంకను ఆ బోర్డులో దాగియున్నదని మాకు తోచినది. మన తీరమున రొట్టెను మొదట కాల్చినవారెవరు? దొరల ఇండ్ల వంటవాండ్రు, ముస్లిములు, క్రైస్తవులు, ఊరి చివర బ్రతికినవారు. వారి పేర్లు ఏ బోర్డు మీదను లేవు.

ఇక రొట్టె మన ఇండ్లలోనికి నిజముగా వచ్చిన దారి మరొకటి కలదు. అది రోగి మంచము. జ్వరము తగ్గుముఖము పట్టిన తరువాత అన్నమునకు ముందు ఏదో తేలికయైనది పెట్టవలెను. ఇంగ్లీషు వైద్యము చదివిన డాక్టరు ‘బ్రెడ్డు, పాలు’ అని చీటీలో వ్రాసెను. డాక్టరు మాట పథ్యము, పథ్యమునకు అంటులేదు. కల్లు సంగతి అడిగినవారు లేరు. ఆ విధముగా మడిగల ఇండ్లలో కూడ రొట్టె మందుసీసా ప్రక్కన చోటు సంపాదించుకొన్నది. దీనివలన ఒక చిక్కు వచ్చినది: డెల్టాలో రెండు మూడు తరముల పిల్లలకు బ్రెడ్డు కనబడగానే జ్వరము జ్ఞప్తికి వచ్చెడిది. ఆరోగ్యవంతుడు బ్రెడ్డు కొనుక్కొని పోవుచుండిన దారిలో ఎదురైనవారు ‘ఇంటిలో ఎవరికి బాగులేదు?’ అని పలుకరించెడివారు.

రెండవ ప్రపంచయుద్ధము ఈ మర్యాదను కదలించినది. 1942లో బర్మా జపాను వశమగుటతో అచ్చటి బియ్యము ఆగెను, రేషను వచ్చెను, అన్నము తినువారి సంచిలో కూడ గోధుమ పడెను. 1948లో మదరాసు రాష్ట్రమంతటను మద్యనిషేధము అమలయ్యెను. కల్లు చట్టవిరుద్ధమైనది, రొట్టె మీది పాతనింద చట్టము చేతనే తొలగినట్లైనది. కర్మాగారపు ఈస్టు పిండిని పొంగించు పని అందుకొన్నది. 1956 ఆగస్టులో కుదిరిన ఒప్పందము ననుసరించి పి.ఎల్. 480 పథకము క్రింద అమెరికా గోధుమ ఓడలలో దిగసాగెను. 1965లో భారత ప్రభుత్వమే ‘మోడరన్ బేకరీస్’ అను సంస్థను ఆస్ట్రేలియా సాయముతో స్థాపించెను. మైనపు కాగితములో చుట్టి, ముక్కలుగా కోసి, విటమినులు చేర్చిన బ్రెడ్డు చేయి తాకకుండ తయారగునని చెప్పి అమ్మినారు. ‘చేయి తాకకుండ’ అనుట పరిశుభ్రతకొరకే కావచ్చును. మన పెద్దలకు మాత్రము వేరు విధముగా కూడ ఊరట కలిగించియుండును. ఆ సంస్థ 2000లో హిందుస్థాన్ లీవరు చేతికి పోయినది. ఆ పిమ్మట చేతులు మారి 2021లో మెక్సికో దేశపు రొట్టెల కంపెనీకి చేరినది. అమెరికా గోధుమ, ఆస్ట్రేలియా యంత్రము, మెక్సికో యాజమాన్యము! బందరు రేవు పూడినను విదేశముల రాకపోకలు ఆగలేదు.

హైదరాబాదు కథ వేరు. అచ్చట గోధుమకు రాజాదరణ కలదు; అసఫ్‌జాహీల పతాకము మీది గుండ్రని గుర్తు కుల్చా రొట్టెయేనని ప్రసిద్ధమైన గాథ. పాతబస్తీలో 19వ శతాబ్దినాటినుండి నాలుగు కొమ్ముల నాన్ తందూరులో కాలుచునేయున్నది. 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది తొలి దశలలోను యజ్ద్ మొదలగు పట్టణములనుండి ఇరానీలు బొంబాయికి, పూనాకు, హైదరాబాదునకు వలస వచ్చిరి. వారి చాయ్ హోటలులో బల్లమీదికి వచ్చిన ఉస్మానియా బిస్కట్టు కొంచెము తీపి, కొంచెము ఉప్పు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను మెచ్చినందున ఆ పేరు వచ్చెనని కొందరును, ఉస్మానియా ఆసుపత్రి రోగులకొరకు చేసినందున వచ్చెనని కొందరును అందురు. రెండవ కథ నిజమైనచో అచ్చట కూడ రొట్టె వంశము రోగి మంచము ప్రక్కనుండియే నడచినదన్నమాట. పొంగి రెండింతలగునది కావున బ్రెడ్డు వారికి ‘డబల్ రొట్టె’. దానిని నేతిలో వేయించి, పాకములో పాలలో నానబెట్టినది ‘డబల్ కా మీఠా’. నేడు అది విజయవాడ పెండ్లి విందులలో పూర్ణాల ప్రక్కన కూర్చున్నది. వేసవి సెలవులలో మైదా, నెయ్యి, చక్కెర తామే పట్టుకొనిపోయి, భట్టీవానిచేత ఇంటికి సరిపడ బిస్కట్టులు కాల్పించుకొని డబ్బాలలో తెచ్చుకొను అలవాటు హైదరాబాదు కుటుంబములకుండెడిది. ఎవరి నెయ్యో, ఎవరి పిండో అను అనుమానమునకు ఇంతకంటె చక్కని పరిష్కారము మేమెరుగము.

ఆ నగరములోనే 1953లో ఖాన్‌చంద్ రామ్నానీ అను సింధీ శరణార్థి మొజాంజాహీ మార్కెటు దగ్గర ఒక బేకరీ పెట్టెను. దేశవిభజనలో పోగొట్టుకొన్న ఊరి పేరు దానికి పెట్టెను. అదియే కరాచీ బేకరీ. దాని పండ్లముక్కల బిస్కట్టు డబ్బా లేనిదే హైదరాబాదునుండి విజయవాడకు వచ్చు చుట్టము తక్కువ. 2019లో బెంగుళూరులోని ఆ దుకాణము ముందు గుంపు చేరి పేరు విషయమై ఒత్తిడి పెట్టగా బోర్డు మీది ‘కరాచీ’ అను మాటకు గుడ్డ కప్పవలసివచ్చెను. 2025 మేలో శంషాబాదు దుకాణపు బోర్డును కొందరు కర్రలతో కొట్టిరి. ఇల్లు, వాకిలి విడిచి ఈ దేశమునే నమ్మి వచ్చినవాడు పెట్టుకొన్న పేరది. ఆ పేరులో శత్రుదేశము నెదకినవారికి అందులోని దుఃఖము కనబడలేదు. ఈ మాట చెప్పుటకు మేము వెనుదీయము.

ఇక మన డెల్టాకు మరలుదము. ఈ ప్రసంగమునకై పామర్రు ప్రాంతములోను, బందరు దారిలోను కొన్ని బేకరీల వెనుకభాగములను కూడ చూచినాము. ముందు గాజు, వెనుక మసి. కట్టెపొయ్యి ఇంకను వాడుచున్న ఒక దుకాణములో ఇటుకల గుమ్మటములో సరుగుడు కట్టెలు మండించి, నిప్పులు ప్రక్కకు త్రోసి, లోపలి నేలను తడిగోనెతో తుడిచి, తాపము సరిగానున్నదో లేదో చిటికెడు పిండి చల్లి చూచెదరు. పిండి వెంటనే మాడెనా, ఆగవలెను. మెల్లగా ఎరుపెక్కెనా, రొట్టెలు పెట్టవచ్చును. పొడవాటి కొయ్యతెడ్డుతో రేకులను లోనికి త్రోయుదురు. మొదటి వేడికి బన్ను, బ్రెడ్డు. తగ్గిన వేడికి బిస్కట్టులు. చివరి గోరువెచ్చనికి రస్కు ముక్కలు ఆరబెట్టుట. ఒక్క మంటతో మూడు పనులు. అమ్ముడుపోని బ్రెడ్డు మరునాడు రస్కగును కాబట్టి, ఓడ బిస్కట్టు సూత్రము ఇచ్చట నేటికిని అన్నము పెట్టుచున్నది.

పఫ్ చేయువాని పని చూడ ముచ్చటగానుండును. మైదా ముద్దను పలుచగా పరచి, దానిపై కొవ్వు పూసి, మడచి, మరల ఒత్తి, మరల మడచి, చల్లని చోట కొంతసేపు ఉంచును. మూడు మడతల చొప్పున నాలుగుమార్లు మడచినచో 81 పొరలు. పొయ్యిలో పొరలనడుమనున్న తడి ఆవిరియై ప్రతి పొరను పైకెత్తును. ఇది ఫ్రెంచివారు సానబట్టిన విద్య. పరాసుపేట నుండి రావలసినది, ఇంగ్లీషు మాటతో, బెంగుళూరు చుట్టు తిరిగి పామర్రు చేరినది. లోపలి కూర మాత్రము మనది: ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, గరంమసాలా, సగము కోడిగ్రుడ్డు. ఆ కారము తిన్న ఫ్రెంచివాడు దానిని తన వంటకమని గుర్తుపట్టునా అను అనుమానము మాకు కలిగినది. బన్నులోను కేకులోను ఎర్రగా పచ్చగా మెరియు టూటీ ఫ్రూటీ ముక్కలు పచ్చి బొప్పాయి ముక్కలే. పాకములో ఉడికించి రంగు వేసినవి. ఆ బొప్పాయి కూడ అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి కాలమున వచ్చినదే.

ఆ దుకాణపు మేస్త్రీ యాభయ్యేండ్ల వయసువాడు. హాసను జిల్లానుండి పదునారవ ఏట వచ్చినాడట. తెలుగు మాటలలో కన్నడపు సాగుడు ఇంకను పోలేదు. ‘ఎగ్‌లెస్’ అని కేకుల అరపై ప్రత్యేకముగా వ్రాయించుటకు కారణమడిగితిమి. ‘‘అది రాయకపోతే పెద్దవాళ్లు తినరు బాబుగారూ. అది రాస్తే పిల్లలు మెత్తగా లేదంటారు. అందుకే రెండూ పెడతాను’’ అన్నాడు. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు ఆర్పుట విషయములో కూడ ఇట్టి రాజీలే నడచుచున్నవని చెప్పినాడు. దీపము ఆర్పుట అశుభమని నాయనమ్మలు అడ్డుపడగా, కొన్ని ఇండ్లలో కొవ్వొత్తి ముట్టించి అట్లే ఉంచి కేకు కోయుచున్నారట. కొన్ని ఇండ్లలో కొవ్వొత్తి బదులు కుందిలో దీపము ప్రక్కన పెట్టి వెలిగించుచున్నారట.

కూచిపూడికి నాట్యము నేర్చుకొనుటకు దేశదేశములనుండి విద్యార్థులు వచ్చెదరు. వారు బ్రెడ్డు కొరకు బేకరీకి పోవుదురేమోనని మేము తలచితిమి. వారిలో ఎక్కువమంది ఉదయము ఇడ్లీ కొట్టు దగ్గరనే కనబడుదురని ఆ ఊరివారు చెప్పిరి. సాయంకాలము పఫ్‌లకు గుమిగూడువారు ఊరి పిల్లలే.

మేస్త్రీని అతని కొడుకుల సంగతి అడిగితిమి. ఒకడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగి, రెండవవాడు చదువుచున్నాడు. రాత్రి రెండు గంటలకు లేచి పిండి పిసుకుటకు ఎవరును ముందుకు రాలేదు. కట్టెపొయ్యిని తీసివేసి విద్యుత్తు పొయ్యి పెట్టుటకు బ్యాంకులో అప్పునకు దరఖాస్తు పెట్టినాడు. విద్యుత్తు పొయ్యిలో వేడి సమముగా నుండును, పొగ యుండదు, ఒక మనిషి చాలును. బన్ను అడుగుభాగమున ఇటుక వేడికి పట్టు మాడుగంధము మాత్రము దానిలో రాదు. దానిని అడిగి కొనువారు వృద్ధులు. వారిలో పెక్కుమంది బన్నును మొదటిసారి జ్వరములో తిన్నవారు. డిసెంబరు మూడవవారమునుండి జనవరి 1 వరకు కేకుల పని తెమలదు కావున, అప్పు మంజూరైనను పాతపొయ్యిని సంక్రాంతి వెళ్లిన తరువాతనే పడగొట్టెదనని చెప్పి, అతడు మరల తెడ్డు అందుకొన్నాడు.